క్లాసు వీడియోలో పిల్లల మాట వినపడాలంటే

క్లాసు వీడియో తీసి తోటి టీచర్లతో కలిసి చూద్దామంటే ఫ్యాన్ల హోరు, అమీర్‌పేట రోడ్డు హారన్లే వినిపిస్తాయి. పిల్లలేం అడిగారో తెలియకపోతే ఇక చర్చించడానికి ఏముంటుంది?

తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. వీడియో తీసే ఫోన్‌ను కిటికీ ఉన్న గోడ దగ్గరే, కెమెరా గది లోపలికి చూసేలా పెట్టండి, ఎదురు వెలుగు పడదు. ఇంకో పాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మధ్య బెంచీపై మడిచిన చేతిరుమాలు మీద ఉంచండి. బెంచీ చప్పుళ్లు తగ్గుతాయి. రెండూ మొదలయ్యాక కెమెరాకు కనబడేలా ఒక్క చప్పట కొట్టండి. ఎడిటింగ్ యాప్‌లో రెండు ఫోన్ల రికార్డింగుల్లోని ఆ చప్పట శబ్దాన్ని ఒకే చోటికి జరిపితే ఆడియో, వీడియో కలిసిపోతాయి. చర్చకు 5 నిమిషాల ముక్క చాలు, పీరియడంతా ఎవరూ చూడరు.

గ్రూప్ వర్క్ రోజున మాత్రం ఇది పనిచేయదు. మాటలన్నీ కలగాపులగమైపోతాయి, గ్రూపుకో ఫోన్ ఉండాల్సిందే.