పావుగంటలో కుటుంబ ప్రార్థన

మాది కిరాణా కొట్టు. షట్టర్ దించి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ టైములో గంటసేపు ప్రార్థన అంటే దేవుడికి ఓపిక ఉంటుందేమో గానీ మా చిన్నాడికి ఉండదు. అందుకే మా ఇంట్లో పావుగంటే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మా పద్ధతి చెబుతాను.

అన్నాలకు ముందే చాప పరచండి. తిన్నాక కూర్చుంటే కళ్లు మూసినవాళ్లలో ఎవరు ప్రార్థిస్తున్నారో, ఎవరు నిద్రపోతున్నారో తెలీదు. పాట పల్లవి, ఒక చరణం చాలు.

ఏం చదవాలన్న టెన్షన్ వద్దు. బైబిల్లోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. ఆరోజు తేదీ ఎంతైతే ఆ అధ్యాయం తీయండి. 10వ అధ్యాయం నుంచి చాలావరకు ఏ వచనానికావచనం విడిగా ఉంటుంది కాబట్టి నాలుగైదు ఏరుకుంటే సరిపోతుంది. మొదటి తొమ్మిదింట్లో అలా కుదరదు, మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని సాగుతాయి. అక్కడ ఒక పేరా మొత్తం చదవండి. మరుసటి నెల మార్పు కావాలంటే 119వ కీర్తన ఉంది. 176 వచనాలని బెదిరిపోకండి, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొకటి. చదవడం పిల్లలకే ఇవ్వండి.

చదివాక ఒకటే ప్రశ్న: రేపు దీన్ని ఎక్కడ చేయాలి? 11వ తేదీన మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము". దాని మీద మా ఇంట్లో ప్రసంగం ఉండదు. కాటా మీద ఖాళీ డబ్బా పెట్టి, టేర్ బటన్ నొక్కి, అంకె సున్నాకి వచ్చాకే జీడిపప్పు పోయాలి. డబ్బా బరువుకి జీడిపప్పు రేటు తీసుకోకూడదు. సాయంత్రాలు కొట్లో కూర్చునే మా పెద్దాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. మీకు పొలం ఉంటే బైబిల్లోనే యాకోబు పత్రిక 5:4 చదివి, కోతకొచ్చినవాళ్ల కూలి బాకీ ఉందేమో చూసుకోండి.

ఇక ప్రార్థన. "అందరినీ దీవించు ప్రభువా" అని వదిలేయకుండా పేర్లు పెట్టి చేయండి. నాకు ఖాతా పుస్తకంలోంచే పేర్లు దొరుకుతాయి: ఎవరింట్లో జ్వరం, ఎవరికి పని పోయింది. రాత్రి ఒకరి కోసం ప్రార్థించాక పొద్దున నలుగురి ముందు బాకీ అడగడానికి నోరు రాదు, పక్కకి పిలిచి అడుగుతాను. అడగడం మాత్రం మానను, కొట్టు నడవాలిగా.

"లెక్కల్లో పన్నెండు మార్కులు తెచ్చుకున్న వీడికి బుద్ధినివ్వు ప్రభువా" అని మాత్రం చేయకండి. అది దేవుడితో మాట్లాడటం కాదు, పిల్లాణ్ణి తిట్టడం. మర్నాటి నుంచి ఆ టైముకి వాడికి కడుపునొప్పి వస్తుంది.

ఆరోజు ఇంట్లో మాటామాటా అనుకుని ఉంటే ముందు అది తేల్చుకోండి. కానుక బలిపీఠం దగ్గర వదిలి, వెళ్లి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో యేసు చెప్పింది చాప మీద కూర్చున్న మొగుడూ పెళ్లాలకీ వర్తిస్తుంది. పిల్లల ముందే "పొద్దున నేనన్నది తప్పే" అంటే ఇంకా మంచిది.

చివర్లో పరలోక ప్రార్థన, అంటే యేసు నేర్పిన "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన, అందరూ కలిసి పైకి చెప్పండి. మధ్యలో చుట్టాలొస్తే కూర్చుంటారా అని అడగండి, బలవంతం వద్దు. ఆరోజుకి పాట వదిలేసి, ఒక్క వచనం చదివి, పరలోక ప్రార్థన చెప్పేసి కంచాలు పెట్టండి.