రిపేరై తిరిగొచ్చే మోటార్లకు సీరియల్ నంబర్ల లెక్క

ఫ్యాక్టరీలో ఎం-204 అనే చోట పంపు మోటారు కాలింది. స్టోర్‌లోంచి స్పేర్ తెచ్చి బిగించారు. కాలినది రీవైండింగ్‌కి (లోపలి తీగ చుట్లు మళ్లీ చుట్టడానికి) వెళ్లి పది రోజులకు తిరిగొచ్చింది, ఇంకో పంపు దగ్గరికి వెళ్లింది. రిజిస్టర్‌లో మాత్రం ‘ఎం-204 మోటారు’ అనే ఉంది. అదే చోట ఏడాదిలో మూడోసారి కాలితే తప్పు ఆ చోటుదా, ఆ మోటారుదా? పంపు ఓవర్‌లోడ్ అవుతోందా, అలైన్‌మెంట్ కుదరలేదా, లేక షాఫ్ట్ వంగిన మోటారే నాలుగు చోట్లు తిరిగి మళ్లీ ఇక్కడికి చేరిందా? ఒక్కో మోటారుకు విడిగా లెక్క లేకపోతే దీనికి ఎవరూ జవాబు చెప్పలేరు.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లోని బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో ఇలా తిరిగే మోటార్లు, పంపులు, గేర్‌బాక్సులు చాలా ఉంటాయి. కింద చెప్పేది మోటారు గురించే అయినా పద్ధతి అన్నిటికీ ఒకటే.

మూడు నంబర్లను కలపకండి

మెటీరియల్ కోడ్ ‘ఇది ఏ రకం’ అని చెబుతుంది: 7.5 కిలోవాట్, 4 పోల్, 132 ఫ్రేమ్. ట్యాగ్ నంబరు ‘ఇది ఏ చోటు’ అని చెబుతుంది: ఎం-204. సీరియల్ నంబరు ‘ఇది ఆ రకంలో ఏది’ అని చెబుతుంది. అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ట్యాగ్ నంబరును మోటారు బాడీ మీద పెయింట్‌తో రాసేస్తారు. మోటారు కదిలితే ఆ చోటు పేరు కూడా దానితోపాటే వెళ్లిపోతుంది. ట్యాగ్ నంబరును బేస్ ఫ్రేమ్ మీద, పక్కనున్న పుష్ బటన్ స్టేషన్ మీద రాయాలి. మోటారు మీద సీరియల్ నంబరు మాత్రమే ఉండాలి.

తయారీదారు ఇచ్చిన సీరియల్ ఉన్నా మీ సొంత నంబరు ఒకటి వేసుకోండి. నేమ్‌ప్లేట్లు ఊడిపోతాయి. ఇద్దరు తయారీదారుల నంబర్లు కలిసే అవకాశం ఉంది. పాత పంపు కేసింగ్‌ల మీద అసలు నంబరే ఉండకపోవచ్చు. రిజిస్టర్‌లో రెండు నంబర్లూ పక్కపక్కనే ఉండాలి.

సొంత నంబరులో అర్థాలు ఇరికించకండి. డిపార్ట్‌మెంట్, కిలోవాట్లు, కొన్న సంవత్సరం అన్నీ కలిపి నంబరు కడితే మొదటి రోజు ముచ్చటగానే ఉంటుంది. మోటారు ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కి మారిన రోజు ఆ నంబరు అబద్ధం చెబుతుంది. 10001తో మొదలుపెట్టి వరసగా ఇచ్చుకుంటూ పోతే చాలు.

చివర ఒక చెక్ అంకె చేరిస్తే రాతలో తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి. ఉదాహరణకు 10417 తీసుకోండి. ఎడమ నుంచి అంకెలను వరసగా 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే 6+0+16+3+14 = 39. 11తో భాగిస్తే శేషం 6. కాబట్టి నంబరు 10417-6. ఎవరైనా అంకెలు తారుమారు చేసి 10471-6 అని రాస్తే మొత్తం 45, శేషం 1. చివర ఉన్నది 6 కనుక తప్పని తెలిసిపోతుంది. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు అటూఇటూ అయినా ఈ లెక్క పట్టేస్తుంది. శేషం 10 వచ్చే నంబర్లను వాడకుండా వదిలేయండి.

నంబరు ఏ భాగానిది?

రోటర్ (లోపల తిరిగే భాగం) మారింది, వైండింగ్ మారింది, బేరింగ్‌లు మారాయి. అది పాత మోటారేనా? దీన్ని ముందే తేల్చి రాసిపెట్టుకోవాలి. మోటారుకు స్టేటర్ (తిరగని భాగం) బాడీ, పంపుకు కేసింగ్, గేర్‌బాక్సుకు హౌసింగ్ అని పెట్టుకోండి. ఆ భాగం ఉన్నంతకాలం నంబరు మారదు. అది పగిలి కొత్తది వేస్తే కొత్త నంబరు ఇవ్వాలి, పాత నంబరు మూసేయాలి, రెండిటి రికార్డులోనూ ఒకదాని నంబరు ఇంకోదానిలో రాయాలి.

పాత నేమ్‌ప్లేట్ పీకి వేరే బాడీకి బిగించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఒక యంత్రం చరిత్రను ఇంకో యంత్రానికి అంటగట్టినట్టే. ఆ రికార్డును ఎవరూ మళ్లీ సరిచేయలేరు.

ఒకే రకం మోటార్లు రెండు ఒకే రిపేరు షాపుకి వెళితే ఎండ్ కవర్లు, రోటర్లు అటూఇటూ అవుతాయి. అందుకే విప్పకముందే సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టాలి. డ్రైవ్ ఎండ్ (పంపుకి కలిపే వైపు) కవర్ మీద, దానికి ఎదురుగా బాడీ మీద ఒక్కో చుక్క. అవతలి ఎండ్‌లో రెండేసి చుక్కలు. రోటర్‌కి నంబరు కావాలంటే షాఫ్ట్ చివరి ముఖం మీద, సెంటర్ రంధ్రానికి పక్కన వేయండి. బేరింగ్ కూర్చునే చోట పంచ్ తగిలితే అంచు ఉబ్బి బేరింగ్ సరిగా కూర్చోదు.

చెరగని గుర్తు

స్టిక్కర్ పనికిరాదు. పాత వైండింగ్ తీయడానికి స్టేటర్‌ని ఓవెన్‌లో 350 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. తర్వాత వార్నిష్, దాని మీద పెయింట్. తీగతో కట్టిన బిళ్ల షాపులోనే పోతుంది. 4 లేదా 5 మిల్లీమీటర్ల లెటర్ పంచ్‌తో కాస్ట్ ఐరన్ పాదం పైముఖం మీద కొట్టడం మంచిది. పాదం కింద కొడితే బిగించాక కనబడదు. పాదాన్ని గట్టి దిమ్మ మీద ఆనించి కొట్టండి. పలచని అల్యూమినియం బాడీ అయితే పంచ్ వద్దు, ఎన్‌గ్రేవర్ వాడండి. అక్షరాలు వాడాల్సి వస్తే ఇంగ్లిష్ ఓ, ఐ, బి, ఎస్ వదిలేయండి. అవి 0, 1, 8, 5లతో కలిసిపోతాయి.

ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారుకు (లోపలి మంట బయటి ఆవిర్లకు అంటుకోకుండా చేసినది) ప్లేట్ కోసం కొత్త రంధ్రం వేయకూడదు. నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి చాలు, ఆ బాడీ సర్టిఫికెట్ చెల్లకుండా పోవడానికి. ఉన్న స్క్రూల కిందే ప్లేట్ బిగించండి. ఇలాంటి మోటార్ల రిపేరుకు ఐఈసీ 60079-19 ప్రమాణం ఉంది. దాని ప్రకారం షాపు వేసే గుర్తులో చతురస్రంలో ‘ఆర్’ ఉంటే రిపేరు ఆ ప్రమాణానికీ, మోటారు సర్టిఫికెట్‌కీ రెండిటికీ సరిపోయిందని అర్థం. తలకిందుల త్రిభుజంలో ‘ఆర్’ ఉంటే ప్రమాణానికి సరిపోయింది కానీ సర్టిఫికెట్ పత్రాల ప్రకారం ఉందని చెప్పలేమని. ఏ గుర్తుతో వచ్చిందో మీ రికార్డులో తప్పక ఎక్కించండి.

పెయింట్ వేసేముందు ప్లేట్ మీద గ్రీజు రాయమని షాపుకి చెప్పండి. పెయింట్ పడిపోతే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. ఎమరీ కాగితంతో రుద్దితే ప్లేట్ మీది అక్షరాలు కూడా పోతాయి.

విప్పడం నుంచి తిరిగి బిగించడం దాకా

మోటారు మార్చిన ప్రతిసారీ రెండు వరసలు పడాలి: ఏది దిగింది, ఏది ఎక్కింది. రెండూ అదే షిఫ్టులో రాయాలి. ‘ఎక్కింది’ రాసి ‘దిగింది’ మరిచిపోతే ఒకే చోట రెండు మోటార్లు ఉన్నట్టు రికార్డు చూపిస్తుంది. తేదీ, ట్యాగ్, సీరియల్, నడిచిన గంటలు, కనబడిన లోపం రాసి, నేమ్‌ప్లేట్ ఫోటో తీయండి.

బయటికి పంపే డెలివరీ చలాన్ మీద ‘10 హెచ్‌పీ మోటారు – 1’ అని రాస్తే అది రాయనట్టే. సీరియల్ రాయాలి. ఫ్యాన్ కవర్ ఉందా, కప్లింగ్ హాఫ్ (పంపుకి జోడించే ముక్కలో మోటారు వైపు సగం) తీశారా కూడా రాయాలి. తిరిగొచ్చాక గేటు దగ్గరే పంచ్ నంబరు, చుక్కలు సరిచూడండి. వేరేది వస్తే రికార్డు దిద్దుకుని సర్దుకోకండి, వెనక్కి పంపండి.

ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) రీడింగ్, నో-లోడ్ కరెంటు (లోడ్ లేకుండా తిప్పినప్పుడు తీసుకునే కరెంటు), వేసిన బేరింగ్ నంబర్లు అదే సీరియల్ కింద ఎక్కించాలి. ఇదంతా ఎందుకో ఇక్కడ కనిపిస్తుంది. కిందటిసారి నో-లోడ్‌లో 5.5 ఆంపియర్లు తీసుకున్న మోటారు ఈసారి 8 తీసుకుంటోందంటే తీగ చుట్లు తగ్గించి చుట్టారనో, కోర్ దెబ్బతిందనో అనుమానించాలి. పాత అంకె చేతిలో లేకపోతే 8 చూసి ‘తిరుగుతోంది కదా’ అని తీసుకుంటారు.

రిపేరైన ప్రతిసారీ నంబరు చివర ఆర్1, ఆర్2 తగిలించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మానుకోండి. ఒకే మోటారు మూడు పేర్లతో మూడు చోట్ల కనబడుతుంది, వెతికినప్పుడు చరిత్ర ముక్కలుగా దొరుకుతుంది. ఎన్నిసార్లు రిపేరైందో వేరే కాలమ్‌లో రాయండి. స్టోర్‌లో స్థితి మాత్రం వేరుగా కనబడాలి: కొత్తది, రిపేరైనది, రిపేరు కావాల్సినది. శాప్ (SAP) సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దీనికే సీ1, సీ2, సీ3 అని వాల్యుయేషన్ టైపులు (విలువ కట్టే రకాలు) పెట్టుకుంటారు. సీరియల్ మారదు, విలువ మారుతుంది.

ఎక్సెల్‌లో పెడుతుంటే సీరియల్ కాలమ్‌ని ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటాక మిగిలినవి సున్నాలవుతాయి, 12-5 లాంటిది తేదీ అయిపోతుంది. ఒకసారి పోయాక ఫార్మాట్ మార్చినా తిరిగి రావు.

స్క్రాప్, పాత గందరగోళం

స్క్రాప్‌కి వెళ్లిన మోటారు నంబరు ఇంకెప్పుడూ ఎవరికీ ఇవ్వకూడదు. మోటారు బయటికి వెళ్లేముందు ప్లేట్ తీసి, రెండు ముక్కలు చేసి, ఫోటో ఫైల్లో పెట్టండి. పంచ్ కొట్టిన నంబరును గ్రైండ్ చేయండి. దాని రోటర్ తీసి ఇంకో మోటారుకు వేస్తే ‘10388-3 నుంచి తీసిన రోటర్’ అని ఆ మోటారు రికార్డులో ఉండాలి. బేరింగ్‌లు, సీళ్ల ఓ-రింగ్‌ల లాంటి వాటికి సీరియల్ అక్కర్లేదు. రిపేరుకు వెళ్లి తిరిగొచ్చేవాటికే ఈ శ్రమ.

ఇప్పటికే లెక్క తప్పి ఉంటే ఒక షట్‌డౌన్‌లో ఇద్దరు కలిసి తిరగండి. ఒకరు ఒక్కో అంకె విడిగా చదవాలి, రెండోవారు రాసి తిరిగి చదివి వినిపించాలి. ఒకే మోటారుకు రెండు రికార్డులు దొరికితే పాతది ఉంచి, రెండో నంబరును దాని మారుపేరుగా రాయండి. ప్లేట్ చదవలేకపోతే ఊహించకండి. కొత్త నంబరు కొట్టి, చరిత్ర కాలమ్‌లో ‘తెలియదు’ అని, దాని పక్కన ఆ రోజు తేదీ రాయండి.