బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ రుసుమును ఇళ్ళవారికీ దుకాణాలవారికీ న్యాయంగా ఎలా పంచాలి?

వీధులు ఊడ్పించడం, కాపలా పెట్టించడం, ప్రచారం చేయించడం వంటి అదనపు పనుల కోసం ఒక ప్రాంతంలోని ఆస్తుల యజమానులే సొమ్ము వేసుకొనే ఈ ఏర్పాటు 1970లో టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో మొదలైంది. నేడు ఒక్క న్యూయార్క్ నగరంలోనే ఇటువంటివి 70కి పైగా ఉన్నాయి. కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న వీధులలో ఎవరి వాటా ఎంత అన్నది తేల్చడమే అన్నిటికన్నా కష్టమైన పని.

ముందుగా స్థానిక చట్టాన్ని చదవాలి. కాలిఫోర్నియాలో 1994 నాటి చట్టం కేవలం నివాసానికే కేటాయించిన జోన్లలోని ఆస్తులపై ఈ రుసుము వేయనివ్వదు. న్యూయార్క్‌లో ఇళ్ళవారి నుంచి సాధారణంగా ఏడాదికి 1 డాలరు మాత్రమే తీసుకొంటారు.

ఇళ్ళపై కొంత భారం వేయడానికి చట్టం అనుమతిస్తే, ఖర్చును పనులవారీగా విడదీయాలి. ఈ మెట్టును దాటవేసి మొత్తం బడ్జెట్‌ను ఆస్తి విలువను బట్టి పంచితే, ధర పెరిగిందన్న ఒక్క కారణంతో, ఏ ఆదాయమూ ఇవ్వని సొంత ఇంటిపై భారం పెరుగుతుంది. అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఉదాహరణకు బడ్జెట్ 3,00,000 డాలర్లు, అందులో ప్రచారానికి 1,00,000, శుభ్రతకూ కాపలాకూ 2,00,000 అనుకుందాం. ప్రచారం ఖర్చంతా దుకాణాలదే. మిగిలినదానిలో ఇంటి చదరపు అడుగుకు దుకాణపు అడుగులో నాలుగో వంతు బరువు ఇద్దాం. దుకాణాలు 6,00,000, ఇళ్ళు 8,00,000 చదరపు అడుగులైతే, 1,000 అడుగుల ఇంటికి ఏడాదికి 62.50 డాలర్లు, అంతే వైశాల్యమున్న దుకాణానికి సుమారు 417 డాలర్లు పడుతుంది.

నివాసమూ వ్యాపారమూ కలిసిన భవనాన్ని మొత్తంగా ఒకే తరగతిలో వేయకుండా, అంతస్తులవారీ వినియోగాన్ని బట్టి లెక్కించాలి.

ఆ తరువాత ఓటు సంగతి. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ ప్రాంతపు డిస్ట్రిక్ట్‌ను నడిపే సంస్థ పాలకమండలిలో ఆస్తి యజమానులకు అధిక స్థానాలు ఇవ్వడాన్ని అక్కడి నివాసులు సవాలు చేయగా, ఆ సంస్థ ప్రయోజనం పరిమితమైనది గనుక అది చెల్లుతుందని 1998లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది. చట్టం ఒప్పుకొన్నా, చీపురూ కాపలా తమ గుమ్మం ముందే తిరుగుతున్నప్పుడు నివాసులకు మాట చెప్పే చోటు తప్పక ఉండాలి. డాలరు మాత్రమే కట్టే ఇళ్ళవారికి సైతం మండలిలో కొన్ని స్థానాలు కేటాయించాలి.

చివరగా, డిస్ట్రిక్ట్ ఏర్పాటుకు మద్దతుగా సంతకాలు సేకరించడానికి ముందే ప్రతి యజమానికీ లెక్క కట్టిన సూత్రంతో పాటు తన వంతు ఎంతో రాసి పంపాలి. న్యూయార్క్‌లో నగర మండలి విచారణ ముగిశాక 30 రోజుల్లోగా, యజమానుల సంఖ్యలో గానీ ఆస్తుల మదింపు విలువలో గానీ 51 శాతం మంది లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే ప్రతిపాదన అక్కడితో ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో కొత్త డిస్ట్రిక్ట్‌కు మొదటి గడువు గరిష్ఠంగా 5 ఏళ్ళు. పునరుద్ధరణ వేళ ఇళ్ళకిచ్చిన బరువును మళ్ళీ లెక్కించాలని ప్రణాళికలోనే రాసి పెట్టాలి.