పాత బ్రౌజర్‌లోనూ చెదరని మూడు నిలువు వరుసలు

వెబ్ పేజీని మూడు నిలువు వరుసలుగా అమర్చేటప్పుడు ముందుగా ఫ్లోట్ పద్ధతిలో (పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాషలో అంశాలను ఒక పక్కకు ఒదిగించే పాత పద్ధతి), ఒక్కొక్క వరుసకు 33.33 శాతం వెడల్పుతో పని పూర్తి చేసి, ఆ తరువాతే దానిపై గ్రిడ్‌ను (పేజీని అడ్డు, నిలువు గడులుగా విభజించే కొత్త పద్ధతిని) చేర్చడం మంచిది. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ గ్రిడ్‌ను అందుకున్నా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 మాత్రం పాత ముసాయిదా రూపంతోనే ఆగిపోయింది. పాత కంప్యూటర్లున్న కార్యాలయాలకు పేజీలు తయారుచేసేవారికి ఈ జాగ్రత్త అక్కరకు వస్తుంది.

గ్రిడ్‌లోకి చేరిన అంశాలపై ఫ్లోట్ దానంతట అదే పనిచేయడం మానేస్తుంది కాని, 33.33 శాతం వెడల్పు అలాగే నిలిచి, ఈసారి పేజీలో కాక తన గడిలో మూడో వంతుగా లెక్కకు వస్తుంది కనుక వరుసలు పీలగా కుంచించుకుపోతాయి. అందువల్ల ‘సపోర్ట్స్’ నియమం (బ్రౌజర్‌కు ఒక సౌకర్యం ఉంటేనే తన లోపలి సూచనలను అమలుచేయించేది) లోపల గ్రిడ్‌ను ప్రకటించే చోటనే వెడల్పును ‘ఆటో’గా మార్చాలి. ఆ నియమం తెలియని ఎక్స్‌ప్లోరర్ 11 దానిని మొత్తంగా విడిచిపెట్టి ఫ్లోట్‌తో సరిపెట్టుకుంటుంది.

ఫ్లోట్ అమరికలో బాక్స్ సైజింగ్‌ను (వెడల్పును లెక్కించే తీరును) బోర్డర్ బాక్స్‌గా ఉంచకపోతే, ప్యాడింగ్ (వరుస అంచుకూ లోపలి విషయానికీ మధ్య ఖాళీ) వెడల్పుకు తోడై మూడో వరుస కిందికి జారుతుంది. తెగని పొడవైన వెబ్ చిరునామా వల్ల గ్రిడ్‌లో ఒక వరుస ఉబ్బితే (నేను ఒక పూటంతా దీనికే పోగొట్టుకున్నాను), ఉత్త 1ఎఫ్ఆర్ (ఖాళీ చోటులో ఒక వాటా) బదులు మిన్‌మ్యాక్స్‌లో (వరుస వెడల్పుకు హద్దులు పెట్టే సూచనలో) కనిష్ఠాన్ని సున్నాగా, గరిష్ఠాన్ని 1ఎఫ్ఆర్‌గా ఇవ్వాలి.