షెంజెన్ వీసాకు వీసా సెంటర్‌లో ఎలా అప్లై చేయాలి?

యూరప్ చూడాలని బయల్దేరే మనవాళ్లలో చాలామంది వీసా సెంటర్‌నే ఎంబసీ అనుకుంటారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు కాగితాలు చూసి తలూపితే ఇక వీసా వచ్చేసినట్టేనని ఊపిరి పీల్చుకుంటారు, ఏదైనా కాగితం అడిగితే రిజెక్ట్ అయిపోతుందేమోనని కంగారు పడతారు. ఆ రెండూ అనవసరం. వీఎఫ్ఎస్, బీఎల్ఎస్ లాంటి సెంటర్లు మీ కాగితాలూ వేలిముద్రలూ తీసుకుని కాన్సులేట్‌కి, అంటే ఆ దేశం ఇక్కడ నడిపే ప్రభుత్వ ఆఫీసుకి పంపుతాయి, పని అయ్యాక పాస్‌పోర్టు మీకు చేరుస్తాయి, అంతవరకే. వీసా ఇవ్వాలా వద్దా అని తేల్చే అధికారి చాలా సందర్భాల్లో మిమ్మల్ని చూడనే చూడరు, మీ ఫైలునే చూస్తారు. అందుకే అసలు శ్రమంతా సెంటర్ గడప తొక్కకముందే పడాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఏ దేశానికి అప్లై చేయాలన్నది. షెంజెన్ అనే యూరప్ దేశాల కూటమిలో ఇప్పుడు 29 దేశాలున్నాయి, ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు, కానీ అప్లై చేసేది మాత్రం ఎక్కువ రోజులు ఉండే దేశానికే. పారిస్‌లో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 3, ఇటలీలో 5 అనుకుంటే విమానం పారిస్‌లో దిగినా సరే, మీరు వెళ్లాల్సింది ఇటలీ దగ్గరికే. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ఫలానా దేశం వీసా తొందరగా ఇస్తుందట అని ఎవరో చెప్పగానే ప్లాన్‌లో రోజులు అటూ ఇటూ మార్చి చూపించొద్దు. హోటల్ బుకింగులు ఒకటి చెప్పి, టికెట్లు ఇంకోటి చెబితే అధికారికి అనుమానం రావడం ఖాయం.

తర్వాత తేదీలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం రావాలి గానీ, అవసరమైతే 45 రోజుల వరకూ తీసుకోవచ్చు. వేసవి సెలవుల్లో అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి సెంటర్‌లో స్లాట్ (అపాయింట్‌మెంట్) దొరకడమే గగనం. మే నెలలో వెళ్లాలంటే సంక్రాంతి పండుగ కాగానే పని మొదలుపెట్టండి. స్లాట్‌ని ఆ దేశం తన అధికారిక సైట్‌లో చూపించిన సెంటర్ సైట్‌లోనే బుక్ చేసుకోండి. డబ్బులిస్తే స్లాట్ ఇప్పిస్తామనే వాళ్ల చేతికి మీ పాస్‌పోర్టు వివరాలూ ఓటీపీలూ ఇవ్వకండి.

పాస్‌పోర్టు తీసి ఓసారి చూడండి. అది ఇచ్చి పదేళ్లు దాటకూడదు, మీరు యూరప్ నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలైనా గడువుండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

ఇక పేరు. మన తెలుగువాళ్లకి ఇక్కడ కాస్త చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక అక్షరమే ఉంటుంది, ఆఫీసు లెటర్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది, పెళ్లయిన ఆడవాళ్లకైతే ఒక కాగితంలో పుట్టింటి పేరు, మరో దాంట్లో అత్తింటి పేరు. తెలుగు పేర్లు తెలియని అధికారికి ఇవన్నీ వేరువేరు మనుషుల పేర్లలా కనిపించొచ్చు. వీలైతే బ్యాంకులో పాస్‌పోర్టులో ఉన్నట్టే మార్పించుకోండి. టైం లేకపోతే ఫైలుతో పాటు మీరు రాసిచ్చే కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది: "బ్యాంకు ఖాతాలోని ఫలానా పేరు, పాస్‌పోర్టులోని ఫలానా పేరు రెండూ నావే, మొదటి అక్షరం మా ఇంటిపేరును సూచిస్తుంది." ఫారం నింపేటప్పుడు, టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయండి.

డబ్బు సంగతికి వద్దాం, ఎక్కువ టెన్షన్ దీని గురించే కదా. బ్యాంకు స్టేట్‌మెంట్ ఎన్ని నెలలది కావాలో, ఐటీ రిటర్నులు ఎన్నేళ్లవో ఒక్కో దేశం ఒక్కోలా చెబుతుంది, ఆ దేశం చెక్‌లిస్టు చూసి అన్నీ సిద్ధం చేసుకోండి. స్టేట్‌మెంట్ మీద బ్యాంకు సీలు, సంతకం వేయించుకోవడం మంచిది. ఖాతాలో ఎంత ఉందన్నదొక్కటే చూడరు, అది ఎలా వచ్చిందో కూడా చూస్తారు. నెలనెలా జీతం పడుతూ, ఇంటి ఖర్చులు పోతూ, కొంత మిగులుతున్న ఖాతాకి ఉన్న విలువ, అప్లై చేసే ముందు వారం ఒక్కసారిగా 5 లక్షలు పడ్డ ఖాతాకి ఉండదు. నిజంగానే చీటీ పాడిన డబ్బో, స్థలం అమ్మిన డబ్బో అయితే దాచక్కర్లేదు, ఆ కాగితం పక్కనే పెట్టండి. వ్యవసాయం మీద బతికే అమ్మానాన్నల్ని పిల్లలు పిలిపించుకుంటుంటే, పట్టాదారు పాస్‌పుస్తకం కాపీకి ఇంగ్లీషు అనువాదం జతచేయండి, ఊళ్లో భూమి ఉందంటే తిరిగొచ్చే కారణం ఉన్నట్టే. ఖర్చు పిల్లలే భరిస్తుంటే ఆ దేశం అడిగే పత్రం వేరే ఉంటుంది. జర్మనీలో విదేశీయుల వ్యవహారాల ఆఫీసులో పిల్లలు హామీపత్రం తీసుకుని దాని ఒరిజినల్ ఇక్కడికి పంపాలి, ఫ్రాన్స్‌లో అయితే వాళ్ల ఊరి మేయర్ ఆఫీసు ధ్రువీకరించిన ఆతిథ్యపత్రం.

ఉద్యోగులైతే జీతం స్లిప్పులతో పాటు సెలవు మంజూరు చేసినట్టు, ఫలానా తేదీన తిరిగి చేరతారన్నట్టు ఆఫీసు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ, మీరక్కడుండే అన్ని రోజులకూ ఉండాలి. విమానం టికెట్ రిజర్వేషన్ చాలు, వీసా రాకముందే డబ్బు తిరిగిరాని టికెట్ కొనేయకండి. నకిలీ హోటల్ బుకింగ్, నకిలీ జీతం స్లిప్పు మాత్రం ఎవరెంత ధైర్యం చెప్పినా పెట్టొద్దు. దొరికితే ఈ వీసా పోవడంతో ఆగదు, తర్వాతి అప్లికేషన్ల మీద కూడా ఆ మచ్చ పడుతుంది.

సెంటర్‌కి వెళ్లే రోజు అపాయింట్‌మెంట్ కాగితం, ఒరిజినల్ పాస్‌పోర్టు, పాతవి ఉంటే అవి కూడా, జిరాక్సులు, 35 × 45 మిల్లీమీటర్ల ఫొటోలు, చెక్‌లిస్టు వరుసలోనే సర్దిన ఫైలు తీసుకెళ్లండి. టోకెన్ ఇచ్చి పిలుస్తారు, కాగితాలు చూస్తారు, ఫీజు కట్టించుకుంటారు, పది వేళ్ల ముద్రలూ ఫొటో తీసుకుంటారు. ఆషాఢంలో వెళ్తుంటే అమ్మాయిలు వేళ్ల కొనలకి గోరింటాకు పెట్టుకోకపోవడమే మేలు, స్కానర్ ముద్రలు సరిగ్గా పట్టకపోవచ్చు, వేలికి గాయమున్నా అదే ఇబ్బంది. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. పెద్దలకు 2024 జూన్ నుంచి వీసా ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు వారికి 45, అంతకంటే చిన్నవాళ్లకి లేదు. దీన్ని రూపాయల్లో కడతారు, సెంటర్ సర్వీసు చార్జీ అదనం. అక్కడే ఎస్ఎంఎస్, కొరియర్, ప్రీమియం లాంజ్ అంటూ ఇంకొన్ని అడుగుతారు. దూరం ఊరివాళ్లకి కొరియర్ పనికొస్తుంది, మిగతావి మీ సౌకర్యానికే తప్ప కాన్సులేట్ నిర్ణయాన్ని ఏ మాత్రం మార్చవు, వద్దంటే వద్దని చెప్పేయండి. ఏదైనా కాగితం లేదంటే, అది లేకుండానే అప్లికేషన్ ఇస్తున్నామని మీచేత సంతకం చేయించుకుని ఫైలు తీసుకుంటారు. ఆ కాగితం నిజంగా ముఖ్యమైనదైతే సంతకం పెట్టే ముందు, తర్వాత తెచ్చిచ్చే వీలుందా అని అడగండి. రసీదు జాగ్రత్త, స్టేటస్ చూడ్డానికి అందులోని నంబరే కావాలి.

పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా స్టిక్కర్‌ని అక్కడే చదవండి. పేరు, పాస్‌పోర్టు నంబరు సరిపోల్చండి. దాని మీద మూడు విషయాలు చూడాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నిసార్లు ప్రవేశం, మొత్తం ఎన్ని రోజులు. తేదీల మధ్య నెల రోజులున్నాయి కదా అని నెలంతా ఉండిపోతే చిక్కుల్లో పడతారు, రోజుల గడిలో 12 అని ఉంటే 12 రోజులే, దిగిన రోజూ తిరుగు ప్రయాణం రోజూ కలిపి. ప్రవేశాల దగ్గర 01 అని ఉంటే మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ పారిస్ రావడం కుదరదు. తప్పు కనిపిస్తే వెంటనే సెంటర్‌కి చెప్పండి.

ఒకవేళ తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు, కానీ పాస్‌పోర్టుతో పాటు కారణం టిక్ పెట్టిన కాగితం ఇస్తారు. ప్రయాణ ఉద్దేశం నమ్మేలా లేదనో, తిరిగెళ్తారన్న నమ్మకం లేదనో అందులో ఉంటుంది. అదే ఫైలు మళ్లీ ఇస్తే అదే జవాబు రావచ్చు. ఆ కారణానికి నేరుగా సమాధానమిచ్చే కాగితాలు కొత్తగా చేర్చి, పాత తిరస్కరణ విషయం అడిగినచోట దాచకుండా రాసి, అప్పుడు అప్లై చేయండి.