జంట గొట్టాల తుపాకీ: టిక్‌మని ఆగినా, బిగుసుకున్నా, చెక్క నల్లబడినా

సమస్య ఏదైనా సరే, తుపాకీ చేతిలోకి తీసుకోగానే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మూతిని మనుషులు, పశువులు లేని దిక్కుకు పెట్టండి. వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకండి. పైనున్న లివర్ నెట్టి గొట్టాలు వంచి, రెండింట్లోనూ తూటా లేదని కళ్లారా చూడండి. తూటాలు ఇంకో గదిలో పెట్టాకే నూనె, గుడ్డ బయటికి తీయండి.

చలికాలం పొద్దున టిక్‌మంటుంది, పేలదు

దేవరకొండ వైపు పంట కాపలాకని లైసెన్స్ తీసుకున్న పాత తుపాకులకు ఇది మామూలే. మా నాన్న ప్రతి దసరాకు తుపాకీ తుడిచి, పూజ చేసి, సందుసందునా కొబ్బరినూనె పోసేవాడు. డిసెంబర్ వచ్చేసరికి కుడి గొట్టం మొరాయించేది. మేమంతా తూటాలు పాతబడ్డాయని అనుకునేవాళ్లం. అసలు కారణం నూనె. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది. స్నానాల గదిలో సీసా తెల్లబడిన పొద్దునే తుపాకీ లోపల కూడా అదే జరుగుతుంది. తూటాను కొట్టే పిన్ను నిదానంగా కదిలి, తూటా క్యాప్‌ను, అంటే దెబ్బ తగిలితే మందును అంటించే వెనక బిళ్లను, మెత్తగా తాకుతుంది.

పేలకపోతే వెంటనే తెరవకండి. తూటా ఆలస్యంగా పేలొచ్చు. మూతి సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. తర్వాత తూటా తీసి క్యాప్ మీద గుంట చూడండి. గుంట లోతుగా ఉంటే తప్పు చాలావరకు తూటాది. సూదితో గీరినట్టు పైపైన ఉంటే తుపాకీది. స్ప్రింగు నీరసపడినా ఇలాగే ఉంటుంది కాబట్టి లోపలి లాక్ (పిన్నును కొట్టించే స్ప్రింగుల అమరిక) ఇంట్లో విప్పొద్దు. లైసెన్స్ ఉన్న మెకానిక్ దగ్గర కడిగించండి. ఆ తర్వాత నుంచి కొబ్బరినూనె బదులు కుట్టుమిషన్ నూనె లాంటి పలచని మినరల్ ఆయిల్ వాడండి, అదీ ఒక్క చుక్క.

చెక్క నల్లబడి మెత్తబడుతోంది

నూనె తక్కువై పాడైన తుపాకులకన్నా ఎక్కువై పాడైనవే నేను ఎక్కువ చూశాను. గోడకు నిటారుగా నిలబెడితే లోపలి నూనె మెల్లగా దిగి, ఇనుము చెక్కలో కూర్చునే చోట ఇంకుతుంది. అక్కడ గోటితో నొక్కి చూడండి, తడిసిన అట్టలా దిగబడుతుంది. అలాంటి చెక్క కాల్పు దెబ్బకు చీలుతుంది. చీలిక కనబడితే వాడకం ఆపేయండి. ఇంకా చీలకపోతే ఖాళీ తుపాకీని కొన్ని రోజులు మూతి కిందికి ఉండేలా, గుడ్డ మీద నిలబెట్టండి. కారినదంతా తుడిచేయండి.

గొట్టాలు వంచడం, మూయడం బరువుగా ఉంది

పాలమూరు చెల్కల ఎర్రదుమ్ము పాత నూనెతో కలిస్తే సానరాయి పిండిలా ఇనుమును అరగదీస్తుంది. గొట్టాల కింద, ఎడమచేత్తో పట్టుకునే ముందువైపు చెక్కను ఊడదీసి, గొట్టాలు విడదీయండి. కీలు పిన్ను, దాన్ని పట్టే కొక్కెం కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఇక్కడ నూనె నిలవదు, కాల్చినప్పుడు బరువంతా పడే చోటు ఇదే. బియ్యపు గింజంత గ్రీజు రాయండి. మూసేటప్పుడు టప్పున కొట్టకుండా లివర్‌ను బొటనవేలితో పట్టి మెల్లగా వదలండి.

అయినా మూసుకోవట్లేదా? ఖాళీ తూటాను బయటికి నెట్టే ముక్క కింద కాలని మందు పలుకు ఇరుక్కుందేమో చూడండి. ఒక్క పలుకు చాలు.

తుప్పు మచ్చలు

చెమట వేళ్లు, వానకాలంలో కాన్వాస్ సంచి, దసరాకు ఇనుము మీద పెట్టిన తడి పసుపు: తుప్పుకు కారణాలు ఇవే. ఎలక్షన్లప్పుడు తుపాకీ జమ చేసి వాపసు తెచ్చుకున్న రోజే గొట్టాలు విడదీసి చూడండి. మెత్తటి గుడ్డకు నూనె అద్ది రుద్దితే పైతుప్పు పోతుంది, గరుకు కాగితం వాడొద్దు. గొట్టాల్లో పలచగా నూనె ఉంచొచ్చు, కానీ కాల్చేముందు పొడిగుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూడాలి. ఇంట్లో ఊరికే ఉన్న గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టొచ్చు. చూడకుండా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా.

ఖాళీ తూటా ఇరుక్కుంటుంది

తూటా కూర్చునే గదిలో మురికో తుప్పో ఉంటే శుభ్రం చేయండి, కానీ అక్కడ నూనె వదలొద్దు. తూటా గోడను పట్టుకోకపోతే దెబ్బంతా వెనక్కి వస్తుంది. ఇంకో కారణం ప్రమాదకరం: 65 మిల్లీమీటర్ల గదిలో 70 మిల్లీమీటర్ల తూటా. తూటా కొలత అంటే అది పేలి, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. అందుకే పొడవు తూటా కూడా పాత తుపాకీలో సరిగ్గా దూరి, పేలినప్పుడు ముందు దారి ఇరుకైపోయి ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాల అడుగున చెక్కిన అంకెలు చూసి కొనండి.

మూసినా గొట్టాలు కదులుతున్నాయి

ముందు చెక్క తీసేసి, మూసిన ఖాళీ తుపాకీని మెల్లగా ఊపండి. కటకటమన్నా, గొట్టాల వెనక సందులోంచి వెలుతురు కనబడినా కాల్చడం ఆపేయండి. గ్రీజు దట్టంగా పెడితే చప్పుడు పోతుంది, సందు పోదు. రిపేరు చేసేవాళ్లకూ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాలి. ఊళ్లో వెల్డింగ్ షాపుకు ఇవ్వకండి. మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు మీ లైసెన్స్ కూడా వెంట తీసుకెళ్లండి.