కషాయం తాగినా నెలసరి నొప్పి తగ్గట్లేదా? ముందు నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి

శొంఠి కషాయం ఎలా కాచాలి, వాము నీళ్లు ఎలా మరిగించాలి అన్నవి మీకు తెలుసనే అనుకుంటున్నాను, తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లెవరినడిగినా చెప్తారు. నేను చెప్పేది అది కాదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా ఏళ్ల తరబడి పిల్లలకి ఇవి కాచి ఇస్తున్నాను, "మేడమ్, తాగాను, తగ్గలేదు" అన్న మాట వినని నెల లేదు. చాలాసార్లు తప్పు కషాయంలో ఉండదు. ఎప్పుడు తాగారు, అంతకుముందు ఏమైనా తిన్నారా, నొప్పి సరిగ్గా ఎక్కడుంది అన్న ఈ మూడూ చూసుకోకుండానే ఫోన్ తీసి ఇంకో చిట్కా వెతుకుతారు. మొన్న జీలకర్ర, నిన్న దాల్చిన చెక్క, రేపు ఇంకోటి. దయచేసి ఆ మూడూ ముందు చూసుకోండి.

సమస్య: తాగాను, ఏమీ తేడా లేదు

ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటారు. పదిమందిలో ఎక్కువమందికి ఇదే.

నెలసరి దగ్గరపడేటప్పుడు గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. గర్భసంచిని బిగించి ఆ పొరను బయటికి నెట్టించేవి అవే, నొప్పి వచ్చేదీ ఆ బిగింపు వల్లే. బ్లీడింగ్ కనపడటానికి కొన్ని గంటల ముందో, దాంతోపాటో మొదలై, మొదటి ఒకటి రెండు రోజులు బాగా ఉండి, సాధారణంగా మూడో రోజుకి సర్దుకుంటుంది. అవి పూర్తిగా తయారై, మీరు మంచం మీద ముడుచుకుని పడుకున్నాక ఒక గ్లాసు కషాయం తాగితే అది చేసే పని తక్కువే. వెచ్చదనానికి కాస్త హాయిగా ఉంటుంది, అంతే.

నెలసరి తేదీ దాదాపు తెలిసినవాళ్లు ఒకటి రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. తేదీ తెలియనివాళ్లు నడుము లాగుతున్నట్టు, తొడలు బరువెక్కినట్టు అనిపించిన పూటే మొదలుపెట్టండి. రెండోది, మోతాదు. నెలసరి నొప్పికి అల్లం పనిచేస్తుందా అని చేసిన పరీక్షల్లో ఎక్కువగా రోజుకి 750 నుంచి 2,000 మిల్లీగ్రాముల శొంఠి పొడి మొదటి మూడు నాలుగు రోజులు ఇచ్చి చూశారు, చాలామందికి నొప్పి తగ్గింది కూడా. టీ చెంచాతో చదునుగా అర చెంచా అంటే దాదాపు ఒక గ్రాము. అలా పొద్దున అర, సాయంత్రం అర చాలు. టీలో చిన్న అల్లం ముక్క దంచి వేసుకుని "నేను అల్లం తాగుతూనే ఉన్నా" అంటే ఆ లెక్క ఎక్కడా సరిపోదు. రక్తం పలచబడటానికి మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా రోజూ ఇంత శొంఠి తీసుకోకూడదు.

వాము (మా తెలంగాణ పిల్లలు ఓమ అంటారు), జీలకర్ర, సోంపు ఇవన్నీ కడుపు ఉబ్బరానికి బాగా పనిచేస్తాయి. గర్భసంచి నొప్పికి శొంఠి మీద జరిగినన్ని పరీక్షలు వాము, జీలకర్ర మీద జరగలేదు. తాగితే హాయిగా ఉంటే తాగండి. ఏం తాగినా సరే పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకోవడం మానకండి, చాలా కషాయాలకంటే అది గట్టిగా పనిచేస్తుంది. చర్మం కాలకుండా మధ్యలో తువ్వాలు వేసుకోండి.

సమస్య: తాగిన కొద్దీ నొప్పి ఎక్కువవుతోంది

ఈ ఒక్కటీ నిదానంగా చదవండి. తల్లుల్ని, స్నేహితురాళ్లని, నాలాంటి వార్డెన్లని అందరినీ బోల్తా కొట్టించేది ఇదే.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఇంటర్ రెండో సంవత్సరం, ఆ రోజు ప్రాక్టికల్స్. పొద్దున ఆరింటికే నొప్పి మొదలైంది, వాంతి వచ్చేలా ఉందని టిఫిన్ ముట్టలేదు. రాత్రి ఫ్లాస్కులో పోసి పెట్టుకున్న శొంఠి మిరియాల కషాయంతో నొప్పి టాబ్లెట్ మింగి కాలేజీకి వెళ్లింది. తొమ్మిదిన్నరకి నొప్పి తిరగబడింది. పక్కనున్న పిల్ల ఫ్లాస్కులో మిగిలిందంతా తాగించింది. పదిన్నరకల్లా చెమటలు, కన్నీళ్లు, ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. ఇంకొంచెం కషాయం పెట్టమని వంటావిడకి కూడా చెప్పేశారు. "అమ్మా, అరచేయి కాదు, ఒక్క వేలు పెట్టి నొప్పి ఎక్కడో చూపించు" అన్నాను. వేలు బొడ్డు కిందికి వెళ్లలేదు. రొమ్ము ఎముక అయిపోయే చోట, రెండు పక్కటెముకల మధ్య గుంటలో పెట్టింది. "కింద?" అంటే కాసేపు ఆలోచించి "కింద లేదు మేడమ్" అంది. నెలసరి నొప్పిని టాబ్లెట్ ఎప్పుడో తగ్గించేసింది. ఇప్పుడున్నది కడుపులో మంట. కషాయం ఆపించి, చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు, తర్వాత పలచటి మజ్జిగ ఇస్తే మధ్యాహ్నానికి లేచి కూర్చుంది.

జరిగేది ఇది. గర్భసంచిని బిగించే ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడే పని కూడా చేస్తాయి. మెఫెనామిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి టాబ్లెట్లు వాటి తయారీని ఆపుతాయి, అందుకే నెలసరి నొప్పికి అంత బాగా పనిచేస్తాయి, అందుకే ఖాళీ కడుపుకి అంత చెడ్డవి కూడా. కాపలా తగ్గిన ఆ కడుపులోకి మిరియాలు, శొంఠి, దాల్చిన చెక్క వేసి ఘాటుగా మరిగించిన నీళ్లు పోస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. టాబ్లెట్ వేసుకోకపోయినా, గ్యాస్ ట్రబుల్ ఉన్న పిల్లలకి పరగడుపున ఘాటు కషాయం ఒక్కటే చాలు మంట రావడానికి. ఆ రోజుల్లో వికారం వల్ల తిండి సహించదు కాబట్టి సరిగ్గా అప్పుడే కడుపు ఖాళీగా ఉంటుంది. పీరియడ్స్ టైంలో కడుపులో నొప్పి అంటే పీరియడ్స్ నొప్పే అనుకుంటారు అందరూ, అందుకే ఎవరికీ అనుమానం రాదు, ఇంకో గ్లాసు పోస్తారు.

తేడా ఇలా పట్టుకోండి. నెలసరి నొప్పి బొడ్డు కింద ఉంటుంది, నడుముకీ తొడలకీ పాకుతుంది, బిగపట్టి వదిలినట్టు అలలుగా వస్తుంది, వేడి పెడితే తగ్గుతుంది. కడుపు మంట బొడ్డుకి పైన ఉంటుంది, మండినట్టో కొరికినట్టో ఉంటుంది, పుల్లటి తేన్పులు, గొంతులో మంట, ముందుకి వంగినా వెల్లకిలా పడుకున్నా ఎక్కువవడం ఉంటాయి, తాగిన కాసేపటికే పెరుగుతుంది. రెండూ కలిసి కూడా రావచ్చు, అప్పుడు కూడా ముందు పై మంట సంగతి చూడాలి, ఎందుకంటే అది తగ్గితే తప్ప తినలేరు, తినకుండా టాబ్లెట్ వేసుకోకూడదు.

మంట అని తేలితే ఆ రోజుకి ఘాటువన్నీ బంద్. ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన గంజి, అరటిపండు, ఏది దిగితే అది కొంచెం కొంచెంగా తినిపించండి. "బయట ఉన్నప్పుడు పెరుగు తినకూడదు" అని అమ్మమ్మలు అంటారు, వాళ్ల మీద గౌరవం ఉంది కానీ నెలసరిలో పెరుగు, మజ్జిగ వల్ల ఏ చెడూ జరగదు, మంటగా ఉన్నప్పుడు చాలామందికి అవే దిగుతాయి. వచ్చే నెల నుంచి వరస మార్చండి: ముందు తిండి, తర్వాత టాబ్లెట్, ఒక అరగంట ఆగి కషాయం, అది కూడా మిరియాలు తీసేసి, శొంఠి అర చెంచా దాటకుండా, పెద్ద గ్లాసు నీళ్లలో. వికారంగా ఉన్నా నాలుగు ముద్దలైనా తిననిచ్చి అప్పుడే టాబ్లెట్ ఇవ్వండి.

అల్సర్ ఉన్నవాళ్లు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ టాబ్లెట్లు సొంతంగా వేసుకోవద్దు. మెఫెనామిక్ యాసిడ్ వాడాక ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే కానీ ప్రమాదకరమైన ఈ రియాక్షన్ గురించి మందుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరిక కూడా ఇచ్చింది. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనపడినా ఇడ్లీ, మజ్జిగ అని కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

సమస్య: నొప్పి తగ్గింది కానీ నీరసం, కళ్లు తిరగడం పోవట్లేదు

మీరు తాగేవాటిలో టీ ఎన్నిసార్లో లెక్కపెట్టండి, ముఖ్యంగా అన్నం తినగానే తాగేది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి మించి. ఇక నెల నెలా రక్తం పోయే పిల్ల నీరసంగా ఉంటే "బెల్లం పానకం తాగు, రక్తం పడుతుంది" అంటారు. బెల్లంలో ఐరన్ ఉంటుంది కానీ మనం వేసుకునే ముక్కలో వచ్చేది చాలా తక్కువ, మిగతాదంతా చక్కెరే. నువ్వుల చిమ్మిలి కొంత నయం, నువ్వుల్లో ఐరన్, కాల్షియం రెండూ ఉంటాయి, అయినా నిజంగా రక్తం తక్కువున్న పిల్లకి అది మందు కాదు. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ టాబ్లెట్ ఉంది చూడండి, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. దాన్ని పిల్లలు కిటికీలోంచి పారేస్తారు, లేదా టీతో మింగుతారు. టీలోని పదార్థాలు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, కాఫీ అయినా అంతే. తిండికీ టీకీ మధ్య కనీసం గంట గ్యాప్ ఇవ్వండి. ఐరన్ టాబ్లెట్ నిమ్మరసం నీళ్లతో వేసుకోండి, తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఉసిరి తినండి. నీరసం రెండు మూడు నెలలుగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కూడా చేస్తారు.

సమస్య: ఉబ్బరం, మోషన్లు

నెలసరికి ముందు మలబద్ధకం, వచ్చాక విరేచనాలు, రెండూ మామూలే, మోషన్లు కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్ల పనే. ఉబ్బరానికి వాము నీళ్లు, ఇంగువ వేసిన మజ్జిగ బాగుంటాయి. మజ్జిగలో ఉప్పు తగ్గించండి, ఆ నాలుగు రోజులు ఊరగాయ, చిప్స్ కూడా తగ్గించండి. పసుపు పాలు తాగాక కడుపు గడబిడగా ఉంటే అది పాలు పడక కావచ్చు. మానేస్తే సరిపోతుంది.

సమస్య: నెలసరి రాలేదు, రావడానికి ఏం తాగాలి

గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు ప్రెగ్నెన్సీ కిట్‌తో పరీక్ష. బొప్పాయి, నువ్వులు-బెల్లం ఏదైనా ఆ తర్వాతి మాట. నెలసరి తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పిగా ఉండి కళ్లు తిరుగుతుంటే ఇంట్లో ఏమీ తాగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అశోక చెట్టు బెరడు గురించి కూడా అడుగుతుంటారు, అందుకే చెప్తున్నాను. ఆఫీసుల ముందు, కాలేజీ గేట్ల పక్కన స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టుని మనం అశోకం అంటాం కానీ అది నరమామిడి. ఆయుర్వేదంలో వాడే అశోకం వేరే చెట్టు, గుత్తులుగా నారింజ రంగు పూలు పూస్తుంది. రోడ్డు పక్క బెరడు చెక్కుకొచ్చి మరిగించి తాగకండి. ఆ అసలు అశోక బెరడుతో చేసే అశోకారిష్టం వాడాలనుకుంటే వైద్యుణ్ణి అడిగే వాడండి, అరిష్టాల్లో పులియడం వల్ల వచ్చే ఆల్కహాల్ ఉంటుంది.

ఏ కషాయానికీ లొంగనివి

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), ఇన్ఫెక్షన్ లాంటివి వంటింట్లో తేలవు. ఇన్నేళ్లు లేని నొప్పి కొత్తగా మొదలైనా, నెల నెలకీ పెరుగుతున్నా, నెలసరి లేని రోజుల్లో కూడా ఉన్నా, గంటకో ప్యాడ్ చొప్పున వరసగా తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, జ్వరమో దుర్వాసనతో తెల్లబట్టో ఉన్నా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు తేదీలు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, ఏ టాబ్లెట్ ఎన్ని వేసుకున్నారు, ఏ కషాయం ఎంత తాగారు అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. కషాయాల సంగతి డాక్టర్ దగ్గర చాలామంది దాచేస్తారు, అవి కూడా చెప్పండి.